తవ్వకు ఎనిమిది గిద్దలు

మండపేట దగ్గరి ఒక గ్రామం నుంచి అరవై ఎనిమిదేళ్ల పాఠకులొకరు పదకొండు పేజీల ఉత్తరం పంపారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. ముప్పై ఆరేళ్లు ఒక రైసుమిల్లులో చిట్టా ఆవర్జాలు రాసిన మనిషి కనుక ఇక్కడ ఆయనను గుమాస్తాగారు అనే పిలుస్తాను. ఉత్తరంలోని సంగతులు క్లుప్తంగా ఇవి.

పదో తరగతితో ఆయన చదువు ఆగిపోయింది. మిల్లు పని మానుకున్న తరువాత, పొద్దుపోక, సంఖ్యలను పదుల్లో కాక ఎనిమిదుల్లో రాయడం మొదలుపెట్టారు. ఎనిమిదే ఎందుకంటే వాళ్ల ఇంటి కొలత అది: ఎనిమిది గిద్దలు ఒక తవ్వ, ఎనిమిది తవ్వలు ఒక కుంచం, ఎనిమిది కుంచాలు, అంటే రెండు తూములు, ఒక ఇద్దుము. ఇద్దుములు, కుంచాలు, తవ్వలు, గిద్దలు అనే వరుసలో అంకెలు పేర్చుకుంటూ పోతే 0 నుంచి 7 వరకు ఉన్న అంకెలే సరిపోతాయి, 8కీ 9కీ పని ఉండదు. ఎనిమిదిని 10 అనీ, అరవై నాలుగును 100 అనీ, అయిదువందల పన్నెండును 1000 అనీ రాస్తారు. ఆరేళ్లలో నాలుగు నోటుబుక్కులు నిండాయి.

వాటిలో ఆయన తేల్చినవి చాలా ఉన్నా, ముఖ్యమైనవి అయిదని రాశారు. ఎనిమిది లెక్కలో రాసిన సంఖ్య అంకెలను కూడితే ఏడు గాని, ఏడు గుణిజం గాని వచ్చినప్పుడు ఆ సంఖ్య ఏడుతో నిశ్శేషంగా పోతుంది. బేసి సంఖ్య వర్గం ఎప్పుడూ 1తోనే ముగుస్తుంది, ఆ 1ని కొట్టేస్తే మిగిలేవి 1, 3, 6, 12, 17, 25 అంటూ మిల్లులో బస్తాల నెట్టు పేర్చినట్టు పెరుగుతాయి. 7తో ముగిసే సంఖ్యను మూడు వర్గాల మొత్తంగా విడగొట్టడం కుదరదు. 34, 74, 134, 174 లాంటివి కూడా ఇలాగే మొండికేస్తున్నాయి గాని కారణం ఆయనకు చిక్కలేదు. రెండు ఒకట్ల మధ్య ఎన్ని సున్నలు పెట్టినా ప్రధాన సంఖ్య రాదు. చివరిది, ఆయన 'నా సూత్రం' అని పిలుచుకున్నది: 1 పక్కన రెండు ఏడులు, నాలుగు ఏడులు, ఆరు ఏడులు పెడితే ప్రధాన సంఖ్యలే వస్తున్నాయి కనుక ఇలా ఎంతదూరం వెళ్లినా ప్రధాన సంఖ్యలే వస్తాయి. ఆరు ఏడుల సంఖ్యను చేత్తో పరీక్షించడానికి ఒక వానాకాలంలో మూడు వారాలు పట్టిందట. ఏడు సూత్రం తనకు తట్టడానికి మూలం, ఎప్పుడో నాట్లకు వచ్చిన ఏడుగురు ఆడవాళ్లకు బియ్యం కొలుస్తూ తన ఇల్లాలు 'తవ్వకో గిద్ద మిగులు, కుంచానికీ గిద్దే మిగులు' అనడమని ఆరో పేజీ అంచున సన్నటి అక్షరాలతో రాశారు.

ఇక ఇబ్బంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న పెద్దబ్బాయి సంక్రాంతికి వచ్చి, బంధువులందరి ఎదుట, 'ఇవన్నీ ఎప్పుడో తెలిసినవే నాన్నా, కంప్యూటరుకు అయిదు నిమిషాల పని' అన్నాడు. అప్పటి నుంచి తండ్రీ కొడుకుల మధ్య మందుల సంగతి, కౌలు డబ్బుల సంగతి తప్ప మాట లేదు. ఇంట్లోనే ఉంటున్న చిన్నబ్బాయి కూతురు, ఏడో తరగతి, పరీక్షలో 61ని ఏడు భాగిస్తుందని రాసి, కారణంగా 'ఆరూ ఒకటీ ఏడు' అని చూపించి మార్కులు పోగొట్టుకుంది. చిన్నకోడలు పిల్లను తాతగారి నోటుబుక్కుల దగ్గరికి వెళ్లనివ్వడం లేదు. ఈలోగా ఎవరో ఫోను చేసి, పద్దెనిమిది వేలు కడితే ఆయన సూత్రాలను అంతర్జాతీయ పరిశోధన పత్రికలో వేయిస్తామనీ, నెలాఖరు దాటితే అవకాశం పోతుందనీ చెప్పారు. ఆ డబ్బు ఆయన దగ్గర ఉంది, శుక్లం ఆపరేషనుకని తీసిపెట్టినది. 'ఇవి నావా కావా? డబ్బు కట్టనా? లేక నోటుబుక్కులను గోదారిలో కలిపేసి ఊరుకోనా?' అని ఉత్తరం ముగించారు.

గుమాస్తాగారూ,

ముందుగా నోటుబుక్కుల సంగతే చూద్దాం. వాటిలో ఏది నిలుస్తుందో ఏది నిలవదో తేలకుండా మీ అబ్బాయి గురించి గాని, డబ్బు గురించి గాని నేను ఏం చెప్పినా అది ఓదార్పు అవుతుందేమో గాని సలహా కాదు. మీరు ఎనిమిది లెక్క అంటున్నదాన్ని పాఠ్యపుస్తకాలు అష్టాంశ సంఖ్యామానమనీ, కంప్యూటరు రంగంవారు ఆక్టల్ అనీ అంటారు. నేను మీ మాటే వాడతాను, అది వాటికంటే బాగుంది.

ఏడు సూత్రం నిజం, ఎంత పెద్ద సంఖ్యకైనా నిజం. ఎందుకు నిజమో మీ ఇల్లాలు ఒక్క వాక్యంలో చెప్పేశారు. తవ్వలోని ఎనిమిది గిద్దలను ఏడుగురికి తలా ఒకటి పంచితే ఒక గిద్ద మిగులుతుంది. కుంచంలోని అరవై నాలుగు గిద్దలను తలా తొమ్మిది పంచితే అరవై మూడు పోయి మళ్లీ ఒక్క గిద్దే మిగులుతుంది. ఇద్దుములోని అయిదువందల పన్నెండును తలా డెబ్భై మూడు పంచినా మిగిలేది ఒక గిద్దే. ఏ కొలతైనా ఏడుగురికి పంచితే ఒక గిద్దనే వదులుతుంది కనుక, మూడు కుంచాలు, రెండు తవ్వలు, రెండు గిద్దలు ఉంటే మిగిలేది మూడూ రెండూ రెండూ కలిపి ఏడు గిద్దలు, అవి కూడా తలా ఒకటి పంచేయవచ్చు. ఇది వందల ఉదాహరణలు సరిచూసి చేసిన ఊహ కాదు, నిరూపణ. పది లెక్కలో తొమ్మిదికి ఇదే సూత్రం ఉంది, ఆవర్జా కూడికలను సరిచూడటానికి మీరు తొమ్మిదుల్ని కొట్టేసే ఉంటారు. పదిలో తొమ్మిదికి ఉన్న స్థానం ఎనిమిదిలో ఏడుకు ఉంటుంది. అలాగే పదిలో పదకొండుకు ఉన్న స్థానం ఎనిమిదిలో తొమ్మిదికి వస్తుంది: అంకెలను కుడి నుంచి ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ పోతే సున్న గాని తొమ్మిది గుణిజం గాని వచ్చినప్పుడు ఆ సంఖ్యను తొమ్మిది భాగిస్తుంది. ఇది మీ ఉత్తరంలో లేదు, ఒక సాయంత్రం కూర్చుని చూడండి.

ఇక్కడే మీ మనవరాలి 61 సంగతి కూడా తేలిపోతుంది. పాప తప్పు చేసిందని నేను అనను, కాని ఉపాధ్యాయుడు మార్కులు ఇవ్వకపోవడమూ న్యాయమే. ఎనిమిది లెక్కలో 61 అంటే ఆరు తవ్వల ఒక గిద్ద, అంటే నలభై తొమ్మిది, ఏడు ఏళ్ల నలభై తొమ్మిది. పది లెక్కలో 61 మాత్రం ప్రధాన సంఖ్య. రాత ఒకటే, సంఖ్యలు వేరు. అంకెల మొత్తం సూత్రం సంఖ్య గుణం కాదు, సంఖ్యను రాసే తీరు గుణం. కొలత మారితే సూత్రం మారిపోతుంది. సంఖ్యను పిల్ల చేతికి ఇచ్చేటప్పుడు దాన్ని ఏ కొలతలో రాశారో చెప్పకుండా ఇవ్వడం, ధాన్యం లెక్కలో బస్తాలో పుట్లో రాయకుండా ఉత్త అంకె వేసినట్టే. మిల్లులో అలాంటి పద్దును మీరు ఒప్పుకునేవారు కాదు.

చిన్నకోడలి విషయంలో మీకు రెండు మూడు దారులు ఉన్నాయి. పాపకు ఇకమీద ఏమీ చెప్పకుండా ఉండవచ్చు. ఇంట్లో గొడవ ఆగుతుంది గాని, తాతయ్య చెప్పిందంతా తప్పన్న భావం పిల్ల మనసులో ఉండిపోతుంది. అది నిజం కాదు. కోడలికి తెలియకుండా చెప్పవచ్చు, అది ఎంతకాలం దాగుతుందో మీకే తెలుసు. మూడోది, కోడలిని కూర్చోబెట్టి, పాప ఎదుటే, గిద్దల గిన్నె పెట్టి నలభై తొమ్మిది గింజలు కొలిచి, 61 అన్న రాత ఎలా వచ్చిందో చూపించి, పరీక్షలో మాత్రం ఎప్పుడూ పది లెక్కే రాయాలని మీ నోటితోనే చెప్పడం. అప్పుడు, నేను సరిగా చెప్పలేదమ్మా అన్న మాట మీరు అనవలసి వస్తుంది. మామగారి నోట ఆ మాట కొంచెం బరువే.

బేసి వర్గాల సంగతి నాకు మీ నోటుబుక్కుల్లో అన్నిటికంటే నచ్చింది. ఇది రాత గుణం కాదు, సంఖ్యల గుణం. ఎనిమిది లెక్క దాన్ని కంటికి కనిపించేలా చేసింది అంతే. బేసి వర్గంలో నుంచి ఒకటి తీస్తే, ఆ బేసి సంఖ్యకు అటూ ఇటూ ఉన్న రెండు సరి సంఖ్యల లబ్ధం వస్తుంది. వరుస సరి సంఖ్యల్లో ఒకదాన్ని నాలుగు తప్పక భాగిస్తుంది కనుక లబ్ధాన్ని ఎనిమిది భాగిస్తుంది. అందుకే చివరి అంకె 1. మిగిలిన ముందు భాగం 1, 1+2, 1+2+3 అనే వరుస. మీరు 12 అని రాసింది పది, 17 అని రాసింది పదిహేను, 25 అని రాసింది ఇరవై ఒకటి. వీటిని త్రిభుజ సంఖ్యలంటారు. ఏదైనా త్రిభుజ సంఖ్యను ఎనిమిదితో గుణించి ఒకటి కలిపితే వర్గం వస్తుందన్న మాట గ్రీకు రచయిత ప్లూటార్కు కాలానికే తెలుసు, అంటే సుమారు పంతొమ్మిది వందల ఏళ్ల కిందటి మాట. బస్తాల నెట్టుతో ఎవరైనా చెప్పారో లేదో గాని, అంబాజీపేటలో కొబ్బరికాయలు పరిచే చోట ఎనిమిది త్రిభుజాలు పేర్చి, నడుమ ఒక కాయ పెట్టి చతురస్రం చేసి చూపిస్తే బడి పిల్లలు జన్మలో మరచిపోరు.

మూడు వర్గాల విషయంలో మీరు సగం దారి నడిచారు, ఆ సగమూ సరైన సగమే. ఎనిమిది లెక్కలో వర్గాల చివరి అంకె 0, 1, 4 మాత్రమే. ఈ మూడు అంకెల్లో నుంచి మూడింటిని, ఒకే అంకెను మళ్లీ మళ్లీ తీసుకున్నా సరే, కలిపితే చివర 7 ఎలా వస్తుందో ప్రయత్నించండి. ఒకే ఒక్క 1 ఉంటే 1 గాని 5 గాని వస్తుంది, మూడూ 1లైతే 3 వస్తుంది, 7 రాదు. ఇక మీకు చిక్కని 34: అది ఇరవై ఎనిమిది. నాలుగు భాగించే మొత్తం రావాలంటే మూడు వర్గాలూ సరి సంఖ్యలవే కావాలి. బేసి వర్గం ఒకటి ఉన్నా, రెండు ఉన్నా, మూడు ఉన్నా నాలుగుతో భాగిస్తే శేషం మిగిలిపోతుంది. మూడూ సరి అయితే మూడింటినీ సగం చేసుకోవచ్చు, మొత్తం నాలుగో వంతుకు దిగి ఏడు అవుతుంది. ఏడు కుదరదని మీరే తేల్చారు కనుక ఇరవై ఎనిమిదీ కుదరదు. 74, 134, 174 అన్నీ ఇలా దిగి 7తో ముగిసే సంఖ్యలో పడతాయి, 160 రెండు మెట్లు దిగి పడుతుంది. ఇవి తప్ప మిగిలిన సంఖ్యలన్నీ మూడు వర్గాలుగా విడిపోతాయన్నదే కష్టమైన సగం. దాన్ని 1798లో ఫ్రాన్సు దేశపు లెజాండ్రు, తరువాత 1801లో జర్మనీలో గౌస్ నిరూపించారు. నాలుగు వర్గాలు ఏ సంఖ్యకైనా చాలునని అంతకు ముందే, 1770లో, లగ్రాంజి చూపించాడు.

రెండు ఒకట్ల మధ్య సున్నల మాట కూడా ఎప్పటికీ నిజమే. పది లెక్కలో ఇది నిలవదు, అక్కడ 101 ప్రధాన సంఖ్య. ఎనిమిది అంటే రెండు ఘనం, కాబట్టి మీ లెక్కలో 1 పక్కన ఎన్ని సున్నలు పెట్టినా అది ఒక ఘనమే. ఏ ఘనానికైనా ఒకటి కలిపితే, ఘనమూలానికి ఒకటి కలిపిన సంఖ్య దాన్ని భాగిస్తుంది. 101 అంటే 64+1, దాన్ని 5 భాగిస్తుంది. 1001ని తొమ్మిది, 10001ని పదిహేడు భాగిస్తాయి. మీరు ఆరు సున్నల దాకా చేసిన భాగహారాలు ఇక చేయనక్కరలేదు. ఇదే కారణంతో, అన్నీ ఒకట్లే ఉన్న సంఖ్యల్లో 111 ఒక్కటే, అంటే డెబ్భై మూడే, ప్రధాన సంఖ్య. ఎన్ని ఒకట్లు పేర్చినా మరొకటి దొరకదు.

ఇక మీ సూత్రం. ఇది తప్పు. చెప్పడానికి నాకు మనసొప్పక ఈ పేరా రెండుసార్లు తిరిగి రాశాను, అయినా మాట అదే. 177 అంటే 127, 17777 అంటే 8191, 1777777 అంటే 5,24,287; మూడూ ప్రధాన సంఖ్యలే, మీ భాగహారాల్లో పొరపాటు లేదు. ఎనిమిది ఏడులు పెట్టినప్పుడు వచ్చే 3,35,54,431 మాత్రం 31, 601, 1801ల లబ్ధం. మీరు ఇంకొక్క మెట్టు ఎక్కి ఉంటే సూత్రం మీ చేతిలోనే విరిగేది, కాని ఆ మెట్టుకు చేత్తో భాగహారాలంటే మూడు వారాలు కాదు, ఏళ్లు పడుతుందని మీరు భయపడి ఉంటారు. నిజానికి భాగహారమే అక్కరలేదు. ఎనిమిది లెక్కలోని ప్రతి అంకెనూ, 0, 1 మాత్రమే ఉండే రెండు లెక్కలో మూడు అంకెలుగా విప్పి రాయవచ్చు, 7 అన్నది మూడు ఒకట్లు అవుతుంది. మీ సంఖ్య విప్పితే ఇరవై అయిదు ఒకట్లు వరుసగా వస్తాయి. ఇరవై అయిదింటిని అయిదేసి కట్టలు కట్టవచ్చు, అయిదు ఒకట్ల కట్ట అంటే ముప్పై ఒకటి, అందుకే 31 భాగిస్తుంది. ముందటి మూడు సంఖ్యల్లో ఒకట్లు ఏడు, పదమూడు, పంతొమ్మిది. అవి సమాన కట్టలుగా విడవవు. అలాగని కట్టలు కట్టలేకపోతే చాలు ప్రధాన సంఖ్యే అనుకోవడానికీ లేదు. పది ఏడుల సంఖ్యలో ముప్పై ఒక్క ఒకట్లు, అది ప్రధాన సంఖ్యేనని 1772లో గణితవేత్త ఆయిలరు తేల్చాడు. పన్నెండు ఏడుల సంఖ్యలో ముప్పై ఏడు ఒకట్లు, అయినా దాన్ని 223 భాగిస్తుంది.

ఈ తప్పులో మీకు గొప్ప తోడే ఉంది. ఇటలీ గణితవేత్త కటాల్ది 1588లో పదిహేడు ఒకట్ల సంఖ్య, పంతొమ్మిది ఒకట్ల సంఖ్య ప్రధానమని సరిగ్గా తేల్చాడు, రెండోది మీ మూడు వారాల సంఖ్యే. ఆ ఊపులో 23, 29, 31, 37 ఒకట్లవి కూడా ప్రధానమేనని ప్రకటించాడు. నాలుగింటిలో 31 ఒక్కటే నిలిచింది.

ఆ మూడు వారాల గురించి ఇంకొక్క మాట. 5,24,287 ప్రధానమో కాదో చూడాలంటే 724 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో, అంటే 128 సంఖ్యలతో, భాగించాలి. మీరు అన్నిటితోనూ భాగించారని రాశారు. ఫెర్మా, ఆయిలరు కనిపెట్టిన రెండు నియమాలు వాడితే ఈ పని తగ్గుతుంది. దాన్ని భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా సరే, పంతొమ్మిది ఒకట్లకు రెట్టింపైన 38తో భాగిస్తే శేషం ఒకటి రావాలి, ఎనిమిది లెక్కలో రాస్తే చివరి అంకె 1 గాని 7 గాని కావాలి. 724 లోపు ఈ రెండు షరతులకూ నిలిచే ప్రధాన సంఖ్యలు 191, 457, 647 మాత్రమే. మీ లెక్కలో 277, 711, 1207. మూడే మూడు భాగహారాలు. ఎనిమిది లెక్కలో చివరి అంకె ఎంత పని చేస్తుందో మీకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు గాని, మీరు ఆరేళ్లుగా చూస్తున్నది దాని మొహమే.

ఇప్పుడు మీ అబ్బాయి అన్న మాటకు వద్దాం. 'ఎప్పుడో తెలిసినవే' అన్నది, పైన మీరే చూశారు, చాలావరకు నిజం. మీరు దాన్ని 'విలువ లేనివి' అని విన్నారు, బహుశా అతను అన్న తీరూ అలాగే ఉండి ఉంటుంది, పైగా బంధువుల ఎదుట. కాని కొత్తదా అన్నది ఒక ప్రశ్న, నిజమా అన్నది వేరే ప్రశ్న. 'కంప్యూటరుకు అయిదు నిమిషాల పని' అన్నది మాత్రం సగమే నిజం. మీ సూత్రం ఎనిమిది ఏడుల దగ్గర విరుగుతుందని కంప్యూటరు క్షణంలో చెబుతుంది, అది చేసి చూపించి ఉంటే మీ అబ్బాయి మీకు మేలు చేసినవాడయ్యేవాడు. బేసి వర్గం 'ఎప్పుడూ' 1తోనే ముగుస్తుందని మాత్రం ఎన్ని కోట్ల సంఖ్యలు పరీక్షించినా కంప్యూటరు అలా పరీక్షించి చెప్పలేదు, దానికి కారణం కావాలి.

ముందుగా మాట కలపడం మీ వంతని నేను అనలేను. మౌనంగా ఉంటే పరువు నిలుస్తుంది, వచ్చే సంక్రాంతి కూడా ఈ సంక్రాంతిలాగే గడుస్తుంది. లేదా, 'నా సూత్రం ఎనిమిది ఏడుల దగ్గర తప్పిందిరా, సరిచూసి చెప్పు' అని ఒక మాట పంపవచ్చు. అది ఓటమిలా కనిపిస్తుంది, అతను మళ్లీ నవ్వే ప్రమాదమూ ఉంది. కాని కొడుకుకు చేయదగిన పని ఒకటి ఇచ్చినట్టవుతుంది. ఇంకొకటి కూడా అడగవచ్చు. కంప్యూటరులో ఒక ఫైలును ఎవరెవరు తెరవవచ్చో చెప్పడానికి యూనిక్స్ వ్యవస్థలో 755, 644 లాంటి సంఖ్యలు వాడతారు, మీ అబ్బాయి అవి చాలాసార్లు టైపు చేసే ఉంటాడు. అవి ఎనిమిది లెక్క సంఖ్యలే. చదివే హక్కుకు 4, రాసే హక్కుకు 2, నడిపే హక్కుకు 1. మొదటి అంకె యజమానిది, రెండోది అతని బృందానిది, మూడోది మిగతా అందరిది. 755 అంటే యజమానికి మూడు హక్కులూ, మిగిలినవారికి చదవడం, నడపడం మాత్రమే. మీ నాలుగు నోటుబుక్కులకు ఇంట్లో ప్రస్తుతం 700 నడుస్తున్నట్టుంది.

డబ్బు సంగతి. పద్దెనిమిది వేలు కడితే మీ పేరు అచ్చులో వస్తుంది, అందులో అనుమానం లేదు. కాని అలా నెలాఖరు గడువు పెట్టి డబ్బు అడిగేవారు మీ రాతలను గణితం తెలిసినవారి చేత చదివించరు. చదివించి ఉంటే ఎనిమిది ఏడుల సంగతి ఫోనులోనే చెప్పేవారు. అంటే ఆ తప్పు సూత్రం మీ పేరు మీదే అచ్చవుతుంది, తరువాత దిద్దడానికి మళ్లీ డబ్బు అడుగుతారు. తెలిసిన ఫలితాలను కొత్తవని అచ్చువేస్తే చూసినవారు నవ్వుతారు, ఆ నవ్వు మీ అబ్బాయి నవ్వులా ఇంట్లోనే ఆగదు. అటుపక్క శుక్లం ఉంది. ఆపరేషను వాయిదా వేస్తే అయిదో నోటుబుక్కు రాసే కన్నే మసకబారుతుంది. ఇంత తెలిసీ కట్టాలనిపిస్తే కట్టండి, డబ్బు మీది. నేనైతే ఫోను తీయను.

అచ్చులో చూసుకోవాలన్న కోరిక తప్పు కాదు, దానికి వేరే దారులు ఉన్నాయి. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర దేవళాలిలో కాప్రేకర్ అనే బడి ఉపాధ్యాయుడు ఉండేవారు. అంకెలతో ఆడుకుంటూ 1949లో 6174 అనే సంఖ్య విచిత్రాన్ని కనిపెట్టారు. పెద్ద గణితవేత్తలు పట్టించుకోకపోయినా సొంతంగా చిన్న పుస్తకాలు వేసుకున్నారు. 1975లో అమెరికా రచయిత మార్టిన్ గార్డ్‌నర్ తన శీర్షికలో రాశాక ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది. మీకూ అలాగే జరుగుతుందని నేను చెప్పడం లేదు, పాతికేళ్ల ఆలస్యం మన వయసులో పనికిరాదు కూడా. రాజమండ్రిలో నలభై పేజీల పుస్తకం కొద్ది ప్రతులు వేయించడానికి ఆ పద్దెనిమిది వేలంత ఖర్చు కాకపోవచ్చు, కాని పంచే ఓపిక లేకపోతే ప్రతులు అటక ఎక్కుతాయి. దానికంటే ఖర్చు తక్కువైనది, మీ ఊరి ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారిని ఒక్క పీరియడు అడగడం. కొత్త సూత్రం కనిపెట్టానని కాక, తవ్వ, గిద్ద, కుంచం పిల్లలకు చూపిస్తానని అడిగితే ఏ మాస్టారూ కాదనరు. కొలతలతో లెక్క మనకు పరాయిది కాదు. కరణాల కాలపు తెలుగు రాతలో భిన్నాలకు నాలుగేసి భాగాల పద్ధతి, వాటికి విడిగా గుర్తులు ఉండేవి; 'హళ్లికి హళ్లి, సున్నకు సున్న' అనే మాటలోని హళ్లి ఆ భిన్నాల సున్నే. స్వీడన్‌లో స్వీడెన్‌బోర్గ్ అనే పండితుడు 1718లో పది బదులు ఎనిమిది లెక్కను వాడదామని ప్రతిపాదించాడు. అది ఆచరణలోకి రాలేదు. మన ఇళ్లలో ఎవరూ ప్రతిపాదించకుండానే బియ్యపు కుండ దగ్గర నడిచింది.

'ఇవి నావా కావా' అని అడిగారు. ఏడు సూత్రం మీది కాదు. తొమ్మిదుల సూత్రం తెలిసినవారికి అది ఎప్పటి నుంచో తెలుసన్న కారణంతో మాత్రమే ఈ మాట అనడం లేదు. మీ ఇంట్లోనే మీకంటే ముందు ఒకరు దాన్ని కనిపెట్టి, కారణంతో సహా చెప్పారు. మీరు వందల సంఖ్యలకు సరిచూశారు, ఆవిడ ఎందుకో చెప్పారు. అది మీ ఉత్తరంలో పేజీ అంచున సన్నటి అక్షరాల్లో ఉంది. లోకం మీ పేరు చెప్పలేదన్న బాధ పదకొండు పేజీల్లో కనిపించింది గనుక ఈ మాట దాచలేకపోయాను. మిగిలినవి, బేసి వర్గాలు, మూడు వర్గాలు, నడుమ సున్నలు, ఎవరూ చెప్పకుండా మీరు స్వయంగా చేరుకున్నవి. లోకానికి కొత్తవి కాకపోవచ్చు, దారి మాత్రం మీరు వేసుకున్నదే. మొదటి నోటుబుక్కు మొదటి పేజీ మీద ఎవరి పేరు ఉండాలో ఆవిడతో మాట్లాడి మీరే నిర్ణయించుకోండి. వద్దని నవ్వేస్తారేమో కూడా, అప్పుడు ఏం చేయాలో నన్ను అడగకండి.

గోదారిలో కలపడం గురించి నేను చెప్పేది ఏమీ లేదు. అయిదింటిలో నాలుగు నిలిచాయి, విరిగిన అయిదోది ఎక్కడ విరిగిందో తెలిసింది. అంత లెక్క తేలిన పద్దును ఏ గుమాస్తా చింపడు. నాలుగో నోటుబుక్కు నాకు చూడాలని ఉంది. అసలు పంపవద్దు, మండపేటలో జిరాక్సు తీయించి పంపండి. పేజీల అంకెలు ఎనిమిది లెక్కలో వేశారో పది లెక్కలో వేశారో మొదటి పేజీ పైన రాయండి, లేకపోతే మధ్యలో రెండేసి పేజీలు పోయాయని వెతుక్కుంటూ కూర్చుంటాను.